కళ్ళజోడు తీసి చదివే మేడమ్‌గారు

ఎనభైల చివర్లో అమలాపురంలో మాకు కంప్యూటర్ నేర్పిన మేడమ్‌గారు తెర మీది అక్షరాలు చదవాలంటే కళ్ళజోడు తీసేసేవారు. అందరూ చదవడానికి పెట్టుకుంటారు కదా, ఇదేమిటని ఒకసారి అడిగాను.

"జోడుంటే అక్షరం అంచులు మెట్లు మెట్లుగా కనబడతాయండీ. తీస్తే కాస్త మసకేసి, 'ల' గుండ్రంగా వస్తుంది," అన్నారు. నేను కళ్ళు చికిలించి చూశాను. నిజమే.

ఒక మధ్యాహ్నం రాజోలు నుంచి ఒక పెళ్ళికొడుకు, వాళ్ళమ్మగారు మేడమ్‌గారిని చూడడానికి నేరుగా కంప్యూటర్ సెంటర్‌కే వచ్చారు. మేం కీబోర్డుల మీద చేతులుంచి వింటున్నాం. కుర్రాడు తెర వంకే చూస్తున్నాడు. పెద్దావిడ కాసేపు పరకాయించి, "ఓసారి ఆ కళ్ళజోడు తియ్యమ్మా, మొహం బావుంటుంది," అన్నారు.

మేడమ్‌గారి చెయ్యి జోడు మీదకి వెళ్ళింది. తీస్తారనే అనుకున్నాం. ముక్కు మీదకి ఇంకాస్త ఎగదోసుకున్నారు.

"అక్షరాలకైతే తీస్తానండీ. మనుషుల్ని చూసేటప్పుడు ఉంచుకుంటాను. మెట్లున్నా ఉన్నట్టే కనబడాలి కదండీ."

ఆ సంబంధం మళ్ళీ మాటల్లోకి రాలేదు. ఆవేళ వాళ్ళు గుమ్మం దిగగానే ఆవిడ జోడు తీసి బల్ల మీద పెట్టి, తెరకేసి తిరిగారు.

"ఆయ్, ఎక్కడిదాకా వచ్చేమండీ?"