నీళ్లు నిలవని మడి

మా వీధికి సిమెంటు రోడ్డు వచ్చిన ఎండాకాలంలో నేను రెండు అబద్ధాలాడాను. మొదటిది వీధి బాగు కోసమని సర్దిచెప్పుకున్నాను. రెండోదానికి ఆ సాకు కూడా లేదు.

మదనపల్లెలో మాది పాత వీధి. తారు ఎప్పుడో లేచిపోయి కంకర తేలింది. చినుకు పడితే స్కూలు ఆటో కూడా మలుపు దగ్గరే ఆగిపోయేది. మున్సిపాలిటీ వాళ్లు వరసగా వీధులన్నీ బాగుచేస్తున్నారు, జాబితాలో ఈసారి మాదీ ఉందని తెలిసినప్పటి నుంచి మేమంతా వేయి కళ్లతో ఎదురుచూస్తున్నాం. అంతలో పక్క వీధిలో ఎవరో కింద పాత పైపులున్నాయని నోరు జారారు. ఆ పైపుల సంగతి తేలేదాకా కుదరదని అక్కడ పని ఆపేశారు. ఆ దెబ్బకు మా వీధి మొత్తం జాగ్రత్తపడింది.

"అడిగినదానికే జవాబు చెప్పల్లప్పా. ఎక్కువ మాట్లాడితే మన రోడ్డూ పాయె" అని అందరూ అందరికీ చెప్పుకున్నారు.

నేను రోజూ బస్సులో పుంగనూరు పోయి హైస్కూల్లో లెక్కలు చెప్పి వస్తాను. చదువుకున్నవాణ్నని ఏ ఆఫీసరు వచ్చినా వీధివాళ్లు నన్నే ముందుకు తోస్తారు. నాకూ అదంటే లోపల ఇష్టమే. కొలతలకు వచ్చిన ఇంజనీరు టేపు చుట్టుకుంటూ నన్నే అడిగాడు.

"కింద ఏమైనా ఉన్నాయా సార్? తొట్లు, బావులు?"

"ఒక చేదబావి ఉండేది. ఎప్పుడో పూడ్చేశారు" అన్నాను.

పూడ్చలేదు. నాకు పదేళ్లప్పుడు, వీధిలోకి కుళాయి వచ్చాక, ఆ బావి నోటికి అడ్డంగా నాలుగు రాతిబండలు పరిచి పైన మట్టి పోశారు. తీరిగ్గా పూడ్చుదాంలే అన్నారు పెద్దలు. ఆ తీరిక ఎవరికీ దొరకలేదు. మట్టి పోయకముందు ఆ బండల సందులోంచి రాళ్లు వేసి, అవి నీళ్లలో పడే చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చున్న పిల్లల్లో వీధిలో ఇప్పుడు మిగిలింది నేనొక్కణ్నే. మిగతా ఇళ్లలో అందరూ తర్వాత వచ్చినవాళ్లు.

ఆ బావి మా ఇంటికి ఎదురుగా, పాలమ్మే అక్క వాకిట్లో, రోడ్డు అంచు కింద ఉంది. ఆమె గుర్రంకొండ పక్క పల్లె నుంచి వచ్చి పదేళ్లయింది. భర్త పోయాక ఒక ఆవును నమ్ముకుని బతుకుతోంది. దానికి ఆ ఏడాదే ఆడదూడ పుట్టింది. అది పెద్దదై ఈనితే తన కష్టాలు తీరిపోతాయని పాలు పోసే ప్రతి ఇంట్లోనూ చెప్పేది. ఆవునూ దూడనూ కట్టే గుంజలు సరిగ్గా ఆ బావి పక్కనే ఉన్నాయి.

రోడ్డు వేసింది కుప్పం నుంచి వచ్చిన మేస్త్రి. రెండు రోజుల్లో కాంక్రీటు పరిచేశాడు. మూడో రోజు రోడ్డు పొడవునా మట్టితో గట్లు వేయించి, వరిమళ్లలాగా గళ్లు చేయించాడు. ఎవరి ఇంటి ముందు మడికి వాళ్లే నీళ్లు పోయాలి.

"రెండు వారాలు నీళ్లు నిలబడల్ల సామీ. ఎవురి మడి ఎండితే వాళ్ల రోడ్డు పగులుతాది. ఆమీట నన్ను అడగొద్దు" అన్నాడు.

వీధి వీధంతా చిన్న చెరువైపోయింది. మర్నాడు పొద్దునకే ఎదురింటి మడి ఒక్కటీ ఎండిపోయి ఉంది.

ఇంకేముంది, మాటలు మొదలయ్యాయి. "పాలల్లోకైతే నీళ్లుంటాయి గానీ రోడ్డుకు పోసేదానికి ఉండవా?" అని కుళాయి దగ్గర ఎవరో అన్నారు. వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆమె పంతానికి పోయింది. కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. పట్టుకున్న నీళ్లు బిందెలకు బిందెలు మడిలో కుమ్మరించింది. ఆవుకు తొట్టిలో పెట్టే కుడితిలో కూడా నీళ్లు తగ్గించింది. సాయంత్రానికి మళ్లీ కాంక్రీటు తెల్లగా కనిపించేది. రెండు ఇళ్ల వాళ్లు ఆమె దగ్గర పాలు మానేశారు.

ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం నన్ను కేకేసి పిలిచింది.

"నువ్వు సదువుకున్నోడివి. నీ కండ్ల ముందర పోస్తాను, సూడప్పా. యాడికి పోతాండాయో నువ్వే సెప్పు."

మూడు బిందెలు పోసింది. నీళ్లు నిండుగా నిలబడ్డాయి. కాసేపటికి మురుగుకాలువ గట్టును ఆనుకున్న మూలకు మెల్లగా జరగడం మొదలుపెట్టాయి. ఆ మూల వెంట్రుకంత పగులు ఉంది. అక్కడ నీళ్లు చిన్నగా సుడి తిరిగి లోపలికి పోతున్నాయి. నేను వంగాను. చాలా కింద నుంచి చప్పుడు వినబడింది. ఆ చప్పుడు నాకు పదేళ్ల వయసు నుంచీ తెలుసు.

ఆమె పోసే ప్రతి బిందె ఆ బండలను మోసే బావి అంచు మట్టిని కొంచెం కొంచెం తినేస్తోందని నాకు అర్థమైంది. చెప్పాలి. చెబితే, పూడ్చేశారని నువ్వే కదా అన్నావు అంటారు. కొత్త రోడ్డు తవ్విస్తారు. వీధి నన్ను దుమ్మెత్తిపోస్తుంది.

"ఎండ ఎక్కువగా ఉందక్కా, ఆవిరైపోతున్నాయి. ఇంకొంచెం పోయండి" అన్నాను.

ఆమె తలూపి ఖాళీ బిందె తీసుకుని లోపలికి వెళ్లింది.

ఆ తర్వాత రోజూ మా మేడ మీద నుంచి ఆమె నీళ్లు పోయడం చూస్తూనే ఉన్నాను. రెండు వారాలు గడిచాయి. గట్లు తీసేసి రోడ్డు కడిగారు. ఆడవాళ్లు పోటీలు పడి ముగ్గులు వేశారు. ఆమె దూడను మళ్లీ పాత గుంజకే కట్టింది. అది కొత్త నేల మీద గిట్టలు టకటకలాడిస్తూ చిందులు వేస్తుంటే నేను చూడలేక తలుపు వేసుకున్నాను.

నాలుగో రోజు పొద్దున నేను బస్సుకు బయలుదేరుతుండగా నీళ్ల ట్యాంకరు వీధిలోకి వచ్చింది. "ఆగు!" అని అరిచాను. ఎందుకు ఆగాలో ఆ డ్రైవరుకేం తెలుసు? ముందు చక్రాలు ఆ చోటు దాటాయి. వెనక చక్రాలు కూడా దాటాయి. అప్పుడు నేల ఊపిరి వదిలినట్టు ఒక చప్పుడైంది. గుంజా దూడా కనిపించలేదు.

ఆటోవాళ్లు తాళ్లు వేసి దూడను పైకి లాగేసరికి గంట పట్టింది. అప్పటికే చచ్చిపోయి ఉంది. ఆవు అరుస్తూనే ఉంది. "ఈడ బావి ఉన్నేది ఎవురికీ తెల్దే!" అని వీధంతా ఆశ్చర్యపోయింది.

ఆమె దూడ పక్కన కూలబడి, కొంగుతో దాని ముఖం తుడిచింది. తర్వాత లేచి బావి అంచుకు వచ్చి లోపలికి చూసింది. నీళ్లు మెరుస్తున్నాయి.

"నేను పోసిన నీళ్లన్నీ ఆడుండాయి సూడప్పా. నువ్వు సూసినావు గదా. ఇప్పుడన్నా సెప్పు వాళ్లకి" అంది.

అందరూ నా వైపు తిరిగారు.

"నిజమే, పోసింది. నా కళ్లారా చూశాను" అన్నాను. అంతవరకే చెప్పాను.

కుళాయి దగ్గర నవ్విన వాళ్లు తలలు దించుకున్నారు. ఆమె ఏడుస్తూ, అందరి ముందూ, నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.