పసుపు కోతుల లెక్క

ఎమ్మెస్సీ చివరి ఏడాది నేను ఆర్మూర్ గుట్ట మీద కోతుల లెక్కలు రాసేదాన్ని. ఏ కోతి పేలు ఏ కోతి చూస్తుంది, దాన్నిబట్టి గుంపులో ఎవరి మర్యాద ఎంత అని గణాంకాలతో తేల్చడం నా ప్రాజెక్టు. అది గట్టెక్కితే పైచదువు, లేకపోతే పెళ్లి. నాన్న మాట అంతే.

చిక్కల్లా, కోతులన్నీ నాకు ఒకేలా కనిపించేవి. గుర్తు కోసం రంగు కావాలి. పసుపు పండించే ఇంట్లో పుట్టి రంగు కొంటామా? కొమ్ములు పాలిష్ పట్టాక రాలిన పొడిని నీళ్లలో కలిపి, హోలీ పిచికారీతో నాలుగు ఆడకోతుల మీద కొట్టాను. నా చీరా పచ్చబడింది.

ఫలితం అదిరింది. గుంపు గుంపంతా ఆ నాలుగింటి చుట్టూ చేరి ఒళ్లంతా వెతికేది. ఇది కాకతాళీయం కాదని కై స్క్వేర్ పరీక్ష కూడా ఒప్పుకుంది. ఇవే గుంపుకు పెత్తందార్లని ధీమాగా రాసేశాను.

వైవాలో, పరీక్షకుడిగా వచ్చిన పెద్దాయన ఒక్కటే అడిగాడు: "అమ్మా, అవి పేలు చూస్తున్నాయా, పసుపు గీకుతున్నాయా?" రంగు పోయాక మళ్లీ లెక్కపెట్టి రమ్మన్నాడు.

నాన్న మాత్రం "ఇగ కోతులు చాలు బిడ్డా" అని ముహూర్తం పెట్టించాడు. ఏడ్చాను, అలిగాను, అన్నం మానేశాను. ఆయన కరగలేదు.

నలుగు నాడు నా ఒంటికి పసుపు పట్టించగానే, అంతవరకు నన్ను పలకరించని మేనత్తలు కూడా చుట్టూ మూగి చేతులు రుద్దారు, జడ సర్దారు. నాకు నవ్వాగలేదు.

"ఏమాయెనే?" అంది అమ్మ.

"గుట్ట మీద కోతికి గిట్లనే అయిందమ్మా."

పెళ్లయిన మూడోనాటికి పసుపు వదిలింది, చుట్టాలూ వదిలారు. చిక్కుపడ్డ నా తల దువ్వడానికి అమ్మ ఒక్కతే మిగిలింది. దువ్వుతూనే నాన్నతో, కొత్త అల్లుడికి వినబడేలా అంది: "పోరి లెక్క సగంల ఉంది. గది అయినంకనే అత్తగారింటికి తోలుత."

ఈసారి చెవి చిరిగినది, తోక వంకరది అని కోతుల్ని గుర్తుపట్టడం నేర్చుకున్నాను. మర్యాదలన్నీ తారుమారయ్యాయి. నా పెత్తందార్లను పట్టించుకునే దిక్కే లేదు, వాటి తల్లులు తప్ప. పసుపున్నా లేకున్నా తల్లులు మాత్రం బిడ్డల పేలు చూస్తూనే ఉన్నాయి. ప్రాజెక్టు గట్టెక్కింది.

ఆ సంగతి సంబరంగా చెబితే అమ్మ నా జడ అల్లుతూ, "గిది తెలుసుకోనీకి గుట్టెక్కాల్నా? కదలకుండ కూసో" అంది.