బెడోక్‌లో చెత్త గొట్టం పాలైన ఫ్రెంచి కొవ్వొత్తి స్టాండు

ఈ ద్వీప దేశానికి ఒక చివరనున్న యూ టీలో నేను అద్దెకుండే గది కిటికీ గట్టు మీద ఏడాదిగా ఒక కొవ్వొత్తి స్టాండు ఒంటరిగా నిలబడి ఉంది. ఫ్రాన్సులో అచ్చులో ఒత్తి తీసిన పచ్చ గాజు, వందేళ్లు దాటినది. కాండం తాడులా మెలితిరిగి ఉంటుంది. ఆ రంగు కోసం గాజు కరిగించేటప్పుడు కాస్త యురేనియం కలిపేవారు. అతినీలలోహిత టార్చి వేస్తే చిగురాకు రంగులో వెలుగుతుంది. ఇలాంటివి జతగా ఉంటేనే అందం. రెండోదాని కోసం పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి విసిగిపోయాక, పోయిన వారం ఫోన్‌లో సెకండ్‌హ్యాండ్ యాప్ చూస్తుంటే అదే మెలిక, అదే చదరపు పాదం కనిపించాయి. అమ్మేది ద్వీపం రెండో చివర బెడోక్‌లో ఉండే తెలుగు ఆంటీ. పుట్టిల్లు యానాం. ఫ్రెంచివాళ్లు ఏలిన ఊరు కదా, అది వాళ్ల అమ్మమ్మ ఇంట్లోదట. చిన్న ఫ్లాట్‌కి మారుతూ సామాను తగ్గించుకుంటున్నారు. నలభై ఐదు డాలర్లకు మాట కుదిరింది.

"నీ కోసం చోప్ చేసి ఉంచుతాలేమ్మా, శనివారం పొద్దున్నే వచ్చెయ్" అని ఆవిడ వాయిస్ మెసేజ్ పెట్టారు. చోప్ అంటే ఇక్కడ ఇంకెవరికీ పోకుండా ఆపి ఉంచడం. ఆ ఆనందంలో నేనొక జవాబు కొట్టాను: "ఆంటీ, అది మామూలు గాజు కాదు, యురేనియం గాజు!!!"

శనివారం ఎనిమిదింటికి యూ టీలో రైలెక్కి, జురాంగ్ ఈస్ట్‌లో దిగి, ఆకుపచ్చ లైను పట్టుకున్నాను. ద్వీపం ఆ చివరి నుంచి ఈ చివరికి గంటంబావు ప్రయాణం, ఛార్జీ మూడు డాలర్ల లోపే. బెడోక్ స్టేషను పక్కన, తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో కాఫీ తాగుతూ, స్టాండుకి చుట్టడానికి సంచిలో తెచ్చిన పాత తువ్వాలుని రెండుసార్లు మడత పెట్టి చూసుకున్నాను. అక్కడి నుంచి వాళ్ల బ్లాకుకి నడిస్తే పది నిమిషాలు.

పదకొండో అంతస్తులో అంకుల్ తలుపు తీశారు. జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంటులో సేఫ్టీ చూసే ఉద్యోగం ఆయనది. ఆంటీ మంచినీళ్లిచ్చి, టిఫినయిందా అని అడిగారు. స్టాండు ఏదన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పడేశాం" అన్నారు అంకుల్.

"ఎక్కడ పడేశారు?"

"చ్యూట్‌లో."

చ్యూట్ అంటే వంటగది గోడలో ఉండే చెత్త గొట్టం. మూత లాగి వేస్తే పదకొండు అంతస్తులు జారి కింద డబ్బాలో పడుతుంది.

"నువ్వే కదమ్మా యురేనియం అన్నావు" అన్నారు ఆంటీ. "గుండె ఆగినంత పనైంది. మనవరాలు తిరిగే ఇల్లు!"

"మా ప్లాంటులో రూలు అంతే. అనుమానమొస్తే ముందు తీసెయ్, తర్వాత అడుగు" అన్నారు అంకుల్.

హాకర్ సెంటర్లో ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసిన బల్ల జోలికి ఈ దేశంలో ఎవరూ పోరు. నాకోసం చోప్ చేసిన వస్తువుకి ఆ పాటి మర్యాద కూడా దక్కలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అంకుల్, అది నిజంగా అంత ప్రమాదమైతే, కింద చెత్త ఎత్తే మనిషి సంగతేంటి? మీ ఇంట్లో ఉండకూడనిది ఆయన చేతిలో పడొచ్చా? దానికి మీ ప్లాంటులో రూలు లేదా?"

ఆయన ఫ్యాను రిమోట్ వెతకడం మొదలుపెట్టారు.

"ఆంటీ, మీ అమ్మమ్మగారు ఎన్నేళ్లు బతికారు?"

"తొంభై రెండు."

"ఆ కొవ్వొత్తి వెలిగించిందెవరు?"

"ఆవిడే, రోజూ. అయినా అప్పటి ఒళ్లు వేరులేమ్మా."

"పడేసేముందు నాకొక్క ఫోను చెయ్యొచ్చు కదా!"

"నొచ్చుకుంటావేమోనని చెయ్యలేదు."

నేను వంటగదిలోకి వెళ్లి చ్యూట్ మూత లాగి, సంచిలో తెచ్చుకున్న అతినీలలోహిత టార్చి వేశాను. పడేసినప్పుడు తగిలి విరిగి అంచున ఇరుక్కున్న గోరంత పెంకు చిగురాకు రంగులో భగ్గున వెలిగింది. ఏడాదిగా నేను వెతికిన వెలుగు అదే. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చూశావా, చూశావా! ఎలా మండిపోతోందో! నే చెప్పలా!" అని ఆంటీ రెండడుగులు వెనక్కి వేశారు.

పెంకుని టిష్యూలో చుట్టుకుని కిందికి పరిగెత్తాను. డబ్బా ఖాళీ. "లారీ కమ్ ఆల్రెడీ లా" అన్నాడు క్లీనర్ అంకుల్, చెత్త లారీ వచ్చి వెళ్లిపోయిందని. గాజు గుచ్చుకోలేదు కదా అని అడిగితే, చేతి తొడుగులు చూపించి నవ్వాడు. ఈలోగా ఆంటీ లిఫ్టులో దిగి వచ్చి నా చేతిలో పులిహోర డబ్బా పెట్టారు. కోపంగానే తీసుకున్నాను. ఇక్కడి రైల్లో తినకూడదు కాబట్టి యూ టీ దాకా కోపమూ, పులిహోరా రెండూ ఒళ్లోనే ఉన్నాయి.

వాళ్ల మీద నా కోపం ఇంకా పోలేదు. కానీ ఆ మెసేజ్ మళ్లీ చదువుకుంటే నా మీదా వస్తోంది. అందులో యురేనియం చాలా తక్కువ, అలమారలో పెట్టుకుంటే భయం లేదు అని ఇంకో వాక్యం రాస్తే సరిపోయేది. నాకు తెలుసని చూపించుకునే తొందరలో వాళ్లకేం తెలియదో ఆలోచించలేదు. యానాం నుంచి సముద్రం దాటి పగలకుండా వచ్చినదాన్ని చ్యూట్ దాకా నెట్టింది ఆ మూడు ఆశ్చర్యార్థకాలే. ఆ పెంకు ఇప్పుడు నా ఒంటి స్టాండు పాదం దగ్గర ఉంది.

ఇలాంటి గాజు కోసం బయల్దేరేవాళ్లకి ఒకటే మాట. మెసేజ్‌లో పచ్చ గాజు అని మాత్రమే రాయండి. యురేనియం సంగతి దాచొద్దు, కానీ స్టాండు ఒక చేతిలో, టార్చి ఇంకో చేతిలో పట్టుకుని ఎదురుగా నిలబడి చెప్పండి. అప్పుడు వాళ్లు భయపడినా, వదిలించుకునేది మీ సంచిలోకే.