మసి కింది తెల్ల తుమ్మ

ఎక్కడైనా టీ బండి పొయ్యిలో తుమ్మకట్టె కాలుతున్న వాసన వస్తే నాకు కామేశ్వరి మేడం గుర్తొస్తారు. సైదాబాద్‌లో నేను ఇంటర్ చదివిన కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. గుంటూరు వైపు మనిషి. మాట కరుకు, ఎదురుపడాలంటే అందరికీ హడలు. క్యాంటీన్ వెనక ఉన్న నల్లటి మానుకు 'నల్ల తుమ్మ' అని పలక కట్టించింది ఆవిడే. పాఠం ఎండాకాలం ముందు వచ్చేది. అప్పుడు చెట్టు మీద పూత ఉండదు, మానే చూపించేవారు.

వానాకాలంలో ఒకరోజు ఆ చెట్టు కింద నిలబడి తలెత్తి చూస్తే కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా మీగడరంగు పూలు. జహనుమాలో మా ఇంటి పక్క నల్ల తుమ్మకు పసుప్పచ్చని బంతుల్లాంటి పూలు పూస్తాయి. కాయలు పూసలు గుచ్చినట్టు నొక్కులు నొక్కులుగా ఉంటాయి. ఇక్కడ రాలిన పాత కాయలు బద్దల్లా, వంకరగా ఉన్నాయి. రాత్రి బాపుకు చెప్పాను. కూలిపని చేసి అలసి వచ్చిన మనిషి, అన్నం కలుపుతూ అన్నాడు:

"పెద్దోళ్లకు ఎదురు చెప్పకు బిడ్డా. కాలేజీల కెల్లి ఎల్లగొడితే నేనేం జేస్త?"

మా ఇంట్లో అంతదాకా చదివింది నేనొక్కదాన్నే. అయినా కడుపులో మాట దాచుకోలేని రకాన్ని. మర్నాడు ఓ రెమ్మ పట్టుకుని స్టాఫ్‌రూముకు వెళ్లాను.

"మేడం, నల్ల తుమ్మకు పసుపు పూలు గదా. మన చెట్టుకు తెల్లగ పూసినయి."

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని రెమ్మను తిప్పితిప్పి చూశారు. లేచి వెళ్లి, క్యాంటీన్‌లో కూరగాయల కత్తి అడిగి తీసుకుని, మాను మీద మెల్లగా గీకారు. మసి రాలింది. కింద బెరడు లేత బూడిదరంగులో బయటపడింది. పక్కనే తుమ్మకట్టెలు కాల్చే క్యాంటీన్ పొయ్యి, దాని పొగ గొట్టం చెట్టువైపే.

"ఇన్నేళ్లూ పొయ్యి మసి చూసి చెట్టుకు పేరు పెట్టానన్నమాట," అన్నారు. తర్వాత నావైపు తిరిగారు. "నాకు చెప్పడానికి భయపడ్డావా?"

"పడ్డ మేడం."

"పడితే పడ్డావు. చెప్పావుగా."

ఆ రోజే క్లాసులో అందరి ముందూ తన పొరపాటు చెప్పి, పలక మీద 'తెల్ల తుమ్మ' అని మార్పించారు. నన్ను ఎవరూ ఎల్లగొట్టలేదు. ఇంటికి వెళ్లి చెబితే బాపు నమ్మలేదు.

మేడం ఇప్పుడు లేరు. నేను మలక్‌పేటలో ఓ ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాను. పెద్ద డాక్టరు అన్నదానికీ నాకు కనిపించినదానికీ పొంతన కుదరని రోజులుంటాయి. ఇప్పటికీ చెప్పాలంటే భయమే. భయం పోతుందని మేడం చెప్పనూ లేదు. స్లైడు తీసుకుని ఆయన గదికి వెళ్తాను.

"సార్, ఒక్కసారి మళ్లీ చూడండి," అంటాను.