వెంకటరావమ్మ నాజిల్

వెంకటరావమ్మ దర్శి వైపు పిల్ల. పెళ్ళై సత్తెనపల్లి దగ్గర మా ఊరికి కోడలుగా వచ్చింది. మిరపకాయలు కోస్తూ నవ్వితే రెండు చేల అవతలికి వినిపించేది. మా ఊరి బడిలో పంతులమ్మని కాబట్టీ, పక్కింటిదాన్ని కాబట్టీ ఆవిడని నేను దగ్గరగా చూశాను. ఊరు మాత్రం ఆవిడ గురించి ఒక్క మాటే చెప్పుకునేది: పొద్దున్నే మొగుడితో పోట్లాడి, అతను పురుగుమందు తాగేలా చేసిందని. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది.

అది ఎనభై ఏడో సంవత్సరం. తెల్లదోమ పత్తిని పీల్చేస్తోంది. ఆవిడ భర్త చెంచయ్య వీపున పంపు వేసుకుని రోజు విడిచి రోజు మందు కొట్టేవాడు. ఒక మధ్యాహ్నం చేను గట్టున పడిపోయి కనిపించాడు. నోరంతా మందు వాసన. ఇంటికి మోసుకొచ్చేసరికే ప్రాణం పోయింది. పోలీసులొస్తే శవాన్ని కోస్తారని పెద్దలు భయపడి ఆ సాయంత్రమే దహనం చేయించారు. ఇక పరీక్ష చేయడానికి ఏమీ మిగల్లేదు.

అత్తగారు సుబ్బరావమ్మ ఆనాటి నుంచి కోడలితో మాట మానేసింది. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి. వెంకటరావమ్మ ఎవరికీ ఎదురు చెప్పలేదు. ఒకనాడు దడి దగ్గర నిలబడి నాతో అంది:

"నోట్లో మందు వాసన రాక ఏం చేస్తదండీ? పంపు కొసనుండే నాజిల్‌లో నలక అడ్డం పడితే ఊడదీసి నోటితో ఊదేవాడు. అందరూ అట్టాగే ఊదుతారు గదా." గొంతు తగ్గించింది. "కానీ పంతులమ్మగారూ, ఆ పొద్దున నేనన్న మాట మనసులో పెట్టుకుని నిజంగానే తాగాడేమోనని నాకూ అనిపిస్తది. కన్ను మూతపడట్లేదండీ."

నాజిల్ నోటితో ఊదని మగాడు ఆ ఊళ్ళో ఒక్కడూ లేడు. అయినా ఆ మాట ఒక్కడి నోటా రాలేదు. నింద మోయడానికి ఆడది దొరికాక ఇత్తడి ముక్క సంగతి ఎవరికి కావాలి?

నా తమ్ముడు అనంతపద్మనాభం హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పనిచేసేవాడు. సెలవుల్లో వచ్చినప్పుడు వాడికి ఇదంతా చెప్పాను. వాళ్ళ దగ్గర మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం ఉందట. వస్తువు మీద సూదిమొనంత చోట కంటికి కనపడని కణాల జల్లు కురిపిస్తే, చినుకు పడ్డప్పుడు దుమ్ము లేచినట్టు పైపొర నుంచి నలుసులు లేస్తాయట. వాటి బరువును బట్టి అక్కడ ఏ పదార్థం ఉందో నిమిషాల్లో తెలుస్తుంది. కొయ్యక్కర్లేదు, కరిగించక్కర్లేదు, వస్తువు వస్తువులాగే ఉంటుంది. చెంచయ్య పోయిన రోజు నుంచీ పంపు కొట్టంలోనే పడి ఉంది కాబట్టి, నోటితో ఊదిన ఆనవాలు దొరుకుతుందేమో చూస్తానని నాజిల్ ఇమ్మని వెంకటరావమ్మని అడిగాడు.

మర్నాడు బస్సు వేళకి వెంకటరావమ్మ దాన్ని ఉతికిన గుడ్డలో చుట్టి తెచ్చింది. విప్పితే బంగారంలా మెరిసిపోతోంది.

"పట్నంలో పెద్ద చదువులోళ్ళు చూస్తారు గదండీ. చింతపండేసి బాగా తోమా."

తమ్ముడి ముఖం పాలిపోయింది. నాకు తిట్టాలనీ అనిపించింది, ఏడుపూ వచ్చింది. ఏమని తిట్టను? ఇత్తడి సామాను గడప దాటించేముందు మా అమ్మ అయినా తోమకుండా ఊరుకునేది కాదు.

"తప్పు చేశానాండీ?" అంది మా ముఖాలు చూసి.

"చూద్దామండి," అని వాడు దాన్ని జేబులో వేసుకున్నాడు.

నెల తిరిగాక తనే వచ్చాడు. వెంకటరావమ్మ ఇంటి పంచలో కూర్చున్నాం. సుబ్బరావమ్మ ఆ చివర గోడవైపు తిరిగి కూర్చుంది.

"బయటంతా చింతపండు పులుపేనండి," అన్నాడు తమ్ముడు. "నాజిల్ చెడదు కాబట్టి చోటు మార్చి మార్చి చూశాను. లోపల, తోమే పీచు దూరని అంచున మందు దొరికింది. అక్కడే, దాంతో కలిసిపోయి, పొగాకులో ఉండే నికోటిన్ కూడా ఉంది."

"దవడన పొగాకు లేకుండా వాడు చేలో దిగేవాడు కాదు," అంది సుబ్బరావమ్మ గోడకేసి చూస్తూనే.

"అయితే దాన్ని నోట్లో పెట్టుకుని ఊదేవారని నేను గట్టిగా చెప్పగలను."

"తాగలేదని చెప్పగలరా బాబూ?" అని అడిగింది వెంకటరావమ్మ.

వాడు తల వంచుకున్నాడు. "చెప్పలేనండి. నాజిల్ మీద ఏముందో అంతవరకే తెలుస్తుంది."

వాడి మీద నాకు చచ్చేంత కోపం వచ్చింది. ఒక్క అబద్ధం ఆడితే వీడి సొమ్మేం పోయింది అనుకున్నాను. సుబ్బరావమ్మ మెల్లగా ఇటు తిరిగింది.

"ఆ పొద్దున ఎందుకు పోట్లాడుకున్నారే?"

కోడలు ఉలిక్కిపడింది. "ముందురోజు నుంచీ కళ్ళు తిరుగుతున్నాయన్నాడు అత్తమ్మా. ఆ ఊదటం మాను, ఇయ్యాల చేలోకి పోమాకు అన్నా. దోమ తినేస్తంటే ఇంట్లో కూకోమంటావా అని అరిచాడు. నేనూ అరిచా. పోతే పో, నాకేంటి అన్నా." ఆ చివరి మాట దగ్గర ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది.

ఊరంతా నెలల తరబడి నమిలిన పోట్లాట అది. దేనికి పోట్లాడుకున్నారని అడిగిన మొదటి మనిషి ఈ ముసలావిడే.

సుబ్బరావమ్మ గోడ పట్టుకుని లేచింది. కోడలి తల మీద ఒకసారి చెయ్యి వేసి, వీధిలోకి నడిచింది. ఎదుటింటి అరుగు మీద బాపయ్య, ఇంకో నలుగురు రైతులు కూర్చుని ఉన్నారు.

"ఒరేయ్ బాపయ్యా! నా కోడలు వద్దందిరా. పోమాకంది. నా కొడుకే ఇనలా!" వీధి వీధంతా వినేలా అరిచింది. వాళ్ళు లేచి నిలబడ్డారు.

"మీరన్నా నోటితో ఊదమాకండిరా నాయనా."