మ్యూజియంలో రెండో గొంతు

ఇవాళ పొద్దున్న వాషింగ్ మెషిన్ మూత తీసేసరికి నల్లబట్టల నిండా తెల్లటి కాగితపు పొట్టు. ఎవరి జేబులో టిష్యూ ఉండిపోయిందో అని విసుక్కుంటూ ఒక్కొక్కటే దులుపుతుంటే, చిన్నమామయ్య లేతనీలం చొక్కా మీద సగం ఊడిన గుండ్రటి స్టిక్కరు కనిపించింది. లోపలికి వెళ్ళేవాళ్ళకి మ్యూజియం గుమ్మం దగ్గర అంటించేది. పోయిన నెల మ్యూజియం నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆ చొక్కాని ఉతకనివ్వకుండా హేంగరుకి తగిలించి దాచుకున్నది ఆయనే, నిన్న రాత్రి తీసి మాసినబట్టల్లో పడేసిందీ ఆయనే. "ఇదేంటి మామయ్యా, స్టిక్కరు పోయిందిగా" అంటే, "పోతే పోనీలే అమ్మా, చొక్కా ఉంది కదా" అని పేపరు తిరగేశారు. ఎనభై దాటిన మనిషితో వాదించడం నా వల్ల కాదు. పొట్టు ఏరుకుంటూ బాల్కనీలో కూర్చున్నాను, ఆ రోజంతా మళ్ళీ కళ్ళముందుకి వచ్చింది.

చిన్నమామయ్య అంటే మావారి బాబాయి. వీళ్ళది మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగు కుటుంబం. కుర్రతనంలోనే అన్నదమ్ములిద్దరూ తల్లిని వెంటబెట్టుకుని, పని వెతుక్కుంటూ సింగపూర్ వచ్చేశారు. నేను విజయనగరం నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు వీళ్ళ తెలుగు వింటే నవ్వాగేది కాదు. అరవం, మలయ్ కలిపి, చివర ఒక 'లా' తగిలించి మాట్లాడేవారు. ఇప్పుడు మా వాళ్ళు ఫోన్లో నా తెలుగు విని నవ్వుతున్నారు, అది వేరే సంగతి. మా మామగారు పోర్టులో సూపర్వైజరు, మహా గద్దింపు మనిషి. చిన్నమామయ్య ఒక షిప్పింగ్ కంపెనీలో గుమస్తా చేసి రిటైరయ్యారు. మా చిన్నత్తగారు పోయాక బుకిట్ పంజాంగ్‌లో మా ఫ్లాట్‌కే వచ్చేశారు. ఇంట్లో ఉన్నారో లేదో తెలియనంత నెమ్మది. కాఫీ చల్లారిపోయినా అడగరు, నేనే చూసి వేడిచేసి ఇవ్వాలి. ఆ మొహమాటం చూస్తే నాకు ఒక్కోసారి ఒళ్ళుమండేది.

అలాంటి మనిషి, స్టేషన్లో ట్రెయిన్ కోసం నిలబడినప్పుడు గోడమీద ఒక పోస్టర్ చూసి, "వీడు నాకు తెలుసు" అన్నారు. ఏదో కూరగాయలమ్మే అతన్ని గురించి అన్నట్టు అన్నారు. పోస్టర్ మీద ఉన్నాయనేమో ఈ ఊళ్ళో రాక్ అండ్ రోల్ మొట్టమొదట పాడినవాళ్ళలో ఒకడు, మలయ్ ఆయన. అరవైల్లో పుట్టిన సింగపూర్ పిల్లలందరి తల్లిదండ్రులూ ఆయన పాటకి చిందులేసినవాళ్ళే. ఆయన గౌరవార్థం మ్యూజియంలో ఒక మధ్యాహ్నం ఉత్సవం చేస్తున్నారని ఆ పోస్టర్. "తెలియడమంటే ఎలా తెలుసు మామయ్యా?" అన్నాను. "వాడూ నేనూ కలిసి పాడేవాళ్ళం లా" అన్నారు. ట్రెయిన్ వచ్చింది, ఎక్కాం, ఆయన కిటికీ వైపు తిరిగిపోయారు. నాకు మాత్రం బుర్ర తిరిగిపోయింది. ముప్ఫై ఏళ్ళ పైగా ఈ ఇంట్లో ఉన్నాను, ఈయన పాడతారని ఒక్కరూ చెప్పలేదు. ఇంటికొచ్చి మావారిని నిలదీస్తే, "అవును, ఏదో బ్యాండులో ఉండేవాట్ట, నాన్న మాన్పించేశాడు" అని టీవీ చూస్తూ చెప్పారు. మా మామగారి లెక్కలో ఆ పాటలు కోతిగంతులు. ఉద్యోగం వేయించి, ఇక ఇంట్లో ఆ ఊసెత్తకూడదన్నారట. తమ్ముడు ఎత్తలేదు. అన్న పోయాక కూడా ఎత్తలేదు. ఇదెక్కడి క్రమశిక్షణో నాకు అర్థం కాదు.

వెళ్దాం పదండి అంటే అసలు సంగతి బయటపడింది. ఆ స్నేహితుడి పేరు ఊరంతా మోగిన తర్వాత ఈయన ఒక్కసారి కూడా వెళ్ళి కలవలేదు. ఆయన టీవీలో వస్తే చూసేవారట, బజార్లో ఎదురొస్తే పక్క సందులోకి తప్పుకునేవారట. ఎందుకలా అంటే గోళ్ళు చూసుకుంటూ, "వాడు పెద్దోడైపోయాడమ్మా. నేను పోయి 'నేనేరా' అంటే, వాడు 'ఎవరు నువ్వు' అంటే? ఆ మాట నేను వినలేను లా" అన్నారు. పైగా పిలవని పేరంటానికి పోనంటారు. నేను పుంగ్గోల్‌లో ఉండే మా అమ్మాయికి ఫోన్ చేసి మూడు టిక్కెట్లు తీయించేశాను. టిక్కెట్టు ఉంటే అది పిలుపే మామయ్యా అని దబాయించాను.

ఆ రోజు ఈయన చేసుకున్న ముస్తాబు పెళ్ళికొడుక్కి కూడా ఉండదు. లేతనీలం చొక్కా ఇస్త్రీ చేయించుకుని, తలకి క్రీము పట్టించి, బూట్లు తళతళా తుడుచుకున్నారు. మా అమ్మాయి చూసి "వావ్, చిన్నతాతయ్యా, సో హ్యాండ్సమ్ లా!" అంటే చెవులు ఎర్రబడ్డాయి. మ్యూజియంలో ముందు గదిలో అద్దాల పెట్టెల్లో గిటార్లు, మొనదేలిన బూట్లు, చెదలు తిన్న ఒక స్పీకరు పెట్టారు. గోడకి పెద్ద ఫోటో. మైకు ముందు గిటారుతో ఆయన, వెనక డ్రమ్ముల దగ్గర చీనా కుర్రాడు, ఆయన ఎడంపక్కన ఫోటో అంచుకి తెగిపోయిన ఇంకో మనిషి. ఒక భుజం, ఒక చెవి, అంతే. కింద 'స్నేహితులతో' అని రాశారు. చిన్నమామయ్య కళ్ళద్దాలు సర్దుకుని దగ్గరికి వెళ్ళి చూసి, "చెవి నాదే" అన్నారు. మా అమ్మాయి పకపకా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆ ఫోటో కోసినవాడు దొరికితే నాలుగు దులిపేదాన్ని.

లోపల హాల్లోకి వెళ్ళగానే ఈయన చివరి వరసలో, తలుపు పక్క కుర్చీలో టిష్యూ ప్యాకెట్ పెట్టేశారు. తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో బల్ల 'చోప్' చేసి చోటు ఆపుకున్నట్టు మ్యూజియంలో కుర్చీ చోప్ చేసిన మనిషిని అదే చూడడం. ఏదైనా తేడా వస్తే చప్పుడు చేయకుండా వెళ్ళిపోవచ్చని ఎత్తు. ఇంతలో చక్రాల కుర్చీలో ఆ పెద్దాయన్ని ఆయన కూతురు తోసుకొచ్చింది. అందరూ లేచి చప్పట్లు. మెరుపుల కోటు వేశారు గానీ లోపల మనిషి చిక్కి సగమైపోయాడు. ఆయనకి పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని, ఒకటి రెండు ముక్కలు తప్ప మాట్లాడలేరని, అయినా అభిమానులు వరసలో వచ్చి పలకరించవచ్చని మైకు పట్టుకున్న అమ్మాయి చెప్పింది. ఆ సంగతి మాకు తెలియదు. చిన్నమామయ్య నా వైపు తిరిగి, "అలమాక్, అయ్యో, ఇంకేం గుర్తుంటాను, పోదాం పదమ్మా" అన్నారు. నేను చెయ్యి పట్టుకుని వరసలో నిలబెట్టాను.

మా వంతు వచ్చింది. ఈయన వంగి, తన పేరు చెప్పి, చెయ్యి చాచారు. ఆ పెద్దాయన నవ్వాడు, తలాడించాడు. మా ముందున్న ఆవిడకి నవ్విన నవ్వే, మా వెనక కుర్రవాళ్ళకి కూడా అదే నవ్వు. ఆయన కూతురు "థాంక్యూ అంకుల్" అంది. అయిపోయింది. నేనెందుకు తీసుకొచ్చానురా దేవుడా అనిపించింది. ముందు వరసల్లో ఖాళీ అవడంతో మా అమ్మాయి చిన్నమామయ్యని రెండో వరసలోనే కూర్చోబెట్టింది. మంచినీళ్ళిస్తే సీసా మూత తియ్యకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

తర్వాత కుర్రాళ్ళ బ్యాండొకటి ఆ పెద్దాయన పాటలు వాయించింది. బాగానే వాయించారు, కుర్చీలు అదిరాయి. పాట ముగియగానే మైకు అమ్మాయి "పాడు!" అని అరిచింది. హాల్లో కుర్రకారంతా "పాడు! పాడు!" అని అందుకున్నారు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మలయ్‌లో పాడు అంటే గట్టిది, దిట్టమైనది. ఈ కాలం పిల్లల నోట్లో 'అదిరింది' అని. మా పక్క ఫ్లాట్ మలయ్ అమ్మాయి మొదటిసారి నా పులిహోర తిని "పాడు, ఆంటీ!" అంటే, పాడైపోయిందేమోనని నేను గిన్నె తీసుకుని వాసన చూశాను. ఇప్పుడు నాకా మాట అలవాటే. చిన్నమామయ్య కాలపు మలయ్‌లో ఆ వాడుక లేదు. చెవి కూడా అంతంతమాత్రం. ఆయన సీసా కింద పెట్టి, "వస్తన్నా, వస్తన్నా" అంటూ లేచి నిలబడ్డారు.

నేను చటుక్కున చొక్కా అంచు పట్టుకున్నాను. "అమ్మా, స్టాప్ హిమ్ లా! వాళ్ళు తాతయ్యని పిలవట్లేదు!" అని మా అమ్మాయి గుసగుసలాడింది. ఆపేదాన్నే. కానీ ఈయన వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఇన్నేళ్ళలో ఆ మొహం అంత విప్పారడం నేను చూడలేదు. చొక్కా వదిలేశాను. నవ్వులపాలైతే అవుదాం, ముగ్గురమూ కలిసే అవుదాం అనుకున్నాను.

మైకు అమ్మాయి మర్యాద తెలిసింది, "అంకుల్, యూ వాంట్ టు సింగ్ ఆ?" అని వేదిక మీద చోటిచ్చింది. ఈయన ఏ పాటో చెప్పారు. ఆ పెద్దాయన పాటల్లోకల్లా అందరికీ తెలిసిన పాట. గిటారు మొదలైంది. చిన్నమామయ్య రెండు చేతులూ పక్కకి వదిలేసి, కళ్ళు మూసుకుని పాడారు. మాటలు ఆ పాటవే, రాగం మాత్రం ఆ పాటది కాదు. పైకి వెళ్ళాల్సిన చోట కిందే ఉండిపోతోంది, తిరగాల్సిన చోట తిరగకుండా ఒకే స్వరం మీద నిలబడుతోంది. బాత్రూంలో ఈయన రోజూ కూనిరాగం తీసేది ఇదే. బాబాయికి శ్రుతి కుదరదని మావారు ఆటపట్టించేవారు. హాల్లో జనం తలలు దించుకున్నారు. గిటారు కుర్రాడు పాపం తప్పు తనదేమోనని తీగలు చూసుకుంటున్నాడు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

అప్పుడు ముందు వరసలోంచి ఇంకో గొంతు లేచింది. బొంగురుగా, వణుకుతూ, కానీ సరిగ్గా ఆ పాట రాగంలో. కళ్ళు తెరిచి చూద్దును కదా, చక్రాల కుర్చీలో మనిషి పాడుతున్నాడు. మాట రానివాడు పాటలో మాటలన్నీ పలుకుతున్నాడు. ఆయన కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ గొంతు పైన, ఈ గొంతు కింద చేరగానే, ఇప్పటిదాకా అపశ్రుతి అనుకున్నది కాస్తా పాటకి పునాదై కూర్చుంది. అప్పటికి గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు. చిన్నమామయ్య ఆ పాట ఎప్పుడూ పాడలేదు. దానికి తోడు గొంతు మాత్రమే పాడారు. ఒక్కటే మైకు ఉన్న రోజుల్లో, ఎడంపక్కన నిలబడి, కింద గొంతు. విడిగా వింటే అది ఏ పాటా కాదు. ఇన్నేళ్ళూ మా ఇంట్లో వినిపించింది సగమే. ఆ మిగతా సగం ఎక్కడుందో తెలిసిన మనిషి ఈ లోకంలో ఒక్కడే. నేను ఏడ్చాను, దాచేదేముంది. మా అమ్మాయి నాకంటే ఎక్కువ ఏడ్చింది, టిష్యూలేమో చివరి వరస కుర్చీలో ఉండిపోయాయి.

పాటయ్యాక ఈయన దిగి వస్తే ఆ పెద్దాయన ఈయన మణికట్టు పట్టుకుని వదల్లేదు. "పా, హూ ఇజ్ దిస్?" అని కూతురు అడిగింది. పేరు నోటికి రాలేదు. పెదాలు కదిలాయి, ఆగిపోయాయి, ఆయనకే విసుగొచ్చింది. ఎడంపక్క కుర్చీలో మ్యూజియం పెద్దావిడ ఎవరో పట్టుచీరలో దర్జాగా కూర్చుని ఉంది. ఆవిణ్ణి లెమ్మన్నట్టు చెయ్యి విసిరాడు. ఆవిడ నవ్వుతూ లేచింది. ఆ ఖాళీ కుర్చీ మీద అరచేత్తో రెండుసార్లు కొట్టాడు. చిన్నమామయ్య అక్కడ కూర్చున్నారు. ఉత్సవం అయ్యేదాకా, ఉపన్యాసాలన్నీ అయ్యేదాకా, ఆ మణికట్టు ఆ చేతిలోనే ఉంది.

తిరుగు ట్రెయిన్లో మా అమ్మాయి పుంగ్గోల్ వైపు మారిపోయాక, ఈయన నా చెవి దగ్గరికి వంగి, "విన్నావా అమ్మా, వాడు నన్ను పాడమన్నాడు" అన్నారు. నేను తికమకపడ్డాను. "మా అమ్మ వాడికి నేర్పిన తెలుగు ముక్క అదొక్కటే లా. మా వంటింట్లో ప్రాక్టీసు చేసుకునేటప్పుడు నేను సిగ్గుపడతా ఉంటే, వాడు మోచేత్తో పొడిచి 'పాడు' అనేవాడు. ఇవాళ కుర్చీలోంచి నా వైపు తిరిగి అదే అన్నాడు. మర్చిపోలేదు చూడు!" హాలంతా అరిచిన ఆ అరుపుల్లో కుర్చీలో ఉన్నాయన పెదాలు కూడా కదిలాయా? కదిలితే కుర్రాళ్ళ బ్యాండుని మెచ్చుకుంటూ మలయ్‌లో అన్నాడా, స్నేహితుణ్ణి చూసి తెలుగులో అన్నాడా? నేను ఆ క్షణంలో చొక్కా అంచు చూస్తున్నాను, ఆయన్ని చూడలేదు.

"విన్నాను మామయ్యా" అన్నాను. ఆయన తృప్తిగా వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. మా స్టేషన్ వచ్చేదాకా లేపలేదు. అరవై ఏళ్ళలో కాలం ఇద్దరి దగ్గరా చాలానే పట్టుకుపోయింది, ఒకరి మాట, ఒకరి చెవి. అయినా ఆ ఒక్క మాట అనేవాణ్ణీ, వినేవాణ్ణీ పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టేదాకా మాత్రం ఆగింది.