ఆవు నోట్లో చెయ్యి

పుంగనూరు దగ్గరి ఒక పల్లెలో నెలకోసారి హైస్కూలు పిల్లలు కాగితాలు పట్టుకుని ఇంటింటికీ వస్తారు. ఆరోగ్య క్లబ్బు పిల్లలన్నమాట. తొట్టెల్లో నీళ్లు పారబోశారా, ఎవరికైనా జ్వరమా, కుక్క కరిచిందా అని వరసగా అడిగి రాసుకుంటారు. వాళ్లలో పదో తరగతి మునీశ్వరి మాత్రం కాగితంలో లేని ప్రశ్న ఒకటి అడుగుతుంది. ఈ నెలలో ఏ ఆవు నోట్లోనైనా చెయ్యి పెట్టారా అని. విన్నవాళ్లు నవ్వుతారు. ఆ పిల్ల నవ్వదు. జవాబు చెప్పేదాకా గడప దిగదు.

నవ్వేవాళ్లకు తెలియక కాదు. ఈ సీమలో మామిడి కాలం వస్తే ఆవు గొంతులో టెంకె పడటం మామూలే. రాలిన కాయను నమలకుండా మింగేసి, మెడ చాపి, చొంగ కారుస్తూ దగ్గుతుంది. అప్పుడు ఇంటి మగవాడు చొక్కా చెయ్యి పైకి మడిచి, ఆవు నాలుక పక్కకు లాగి, మోచేతి దాకా లోపలికి పెట్టి టెంకె పెరికేస్తాడు. పశువుల డాక్టరు వచ్చేదాకా ఆగితే పొట్ట ఉబ్బి చస్తుంది. ఆ పని చేతనైనవాళ్లు ఊరికి ఇద్దరో ముగ్గురో ఉంటారు. మునీశ్వరి పక్కింటి ఈరప్ప అందులో మొదటివాడు.

రెండేళ్ల కిందట జూన్ చివర్లో ఈరప్ప ఇంటి సంకరజాతి సీమావు మేత మానేసింది. చొంగ తాళ్లు తాళ్లుగా కారుతోంది, అరుపు బొంగురుపోయింది. భార్య బయ్యమ్మ కూతురి కాన్పుకని కుప్పంలో ఉంది. ఇంట్లో తోడు లేక, ఆయన గోడ మీదుగా మునీశ్వరిని పిలిచి ముక్కుతాడు పట్టుకోమన్నాడు. టమోటా కట్టెలు నాటి నాటి ఆయన వేళ్లన్నీ చీరుకుపోయి ఉన్నాయి. ఆ చేత్తోనే రెండుసార్లు వెతికాడు. టెంకె దొరకలేదు. మూడోనాటికి ఆవు చచ్చింది. లోపలికి జారిపోయి ఉంటుందిలే అనుకుని చేను గట్టున పూడ్చేశాడు.

ఆ వారమే క్లబ్బు వాళ్ల మొదటి సర్వే. మునీశ్వరి అప్పుడు ఎనిమిదో తరగతి, క్లబ్బు లీడరు. ఆ హోదా పిల్లకు కాస్త తలకెక్కింది కూడా. బళ్లో గోడకు తగిలించిన పటంలో కోరలు చాచిన కుక్క బొమ్మ ఒక్కటే ఉండేది. అందుకే ఈరప్పనూ కుక్క గురించే అడిగింది. నన్ను కరిచే కుక్క ఈ ఊళ్లో ఇంకా పుట్టలేదు పాపా అని ఆయన నవ్వాడు. ఆమె ‘లేదు’ అని రాసుకుని పక్కింటికి పోయింది. రెండు వందల ఇళ్లు ఒక్క తప్పు లేకుండా పూర్తి చేసినందుకు ఆగస్టులో మదనపల్లెలో సభ పెట్టి బహుమతి ఇచ్చారు.

బహుమతి వచ్చిన పది రోజులకు ఈరప్పకు చెయ్యి తిమ్మిరెక్కింది. తర్వాత జ్వరం. ఆ తర్వాత నీళ్ల చెంబు చూస్తేనే గొంతు పట్టేసి వణికిపోయాడు. ఫ్యాను గాలికి కూడా అదిరిపడ్డాడు. మదనపల్లె పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. కుక్క ఎప్పుడు కరిచిందని అక్కడ అడిగితే, తాను కుప్పంలో ఉన్నప్పుడు కరిచి ఉంటుందని బయ్యమ్మ చెప్పింది. ఈరప్ప అప్పటికే మాట్లాడే స్థితిలో లేడు. మూడో రోజు పోయాడు.

ఆయన్ను తాకినవాళ్లందరికీ సూదులు వేయడానికి నర్సు అంబిక వీధిలోకి వచ్చింది. కుక్కే కరవాలని లేదు, పిచ్చి కుక్క కరిచిన ఆవు చొంగ చేతి గాయానికి అంటుకున్నా ఇంతేనని మాటల మధ్యలో అంది. సూదికి చెయ్యి చాపి నిలబడిన మునీశ్వరికి ఈరప్ప సీమావు గుర్తొచ్చింది. ఆ చెయ్యి ఆవు నోట్లోకి పోవడం చూసింది తనొక్కతే. నోరు విప్పలేదు. ‘లేదు’ అని రాసింది తన చేత్తోనే గదా, భయమేసింది.

చెప్తే మాత్రం ఏమొస్తుంది, మనిషి ఎలాగూ పోయాడు గదా అంటారేమో. చెప్పనందుకు ఏమైందో వినండి. గోడ అవతల బయ్యమ్మ పొద్దున లేచింది మొదలు పోయిన మొగుణ్ణి తిట్టేది. పొయ్యి ముట్టిస్తూ తిట్టేది, మిగిలిన ఆవు పాలు పితుకుతూ తిట్టేది. కుక్క కరిచిన సంగతి తనకు దాచాడని, సూదికి భయపడి తన బతుకు బుగ్గి చేశాడని. ఏడాది పొడుగునా ఆ తిట్లు మునీశ్వరి చెవిలో పడుతూనే ఉన్నాయి. ముక్కుతాడు పట్టుకున్న చేతి మణికట్టు మీద చొంగ పడినట్టే ఉండేది. సబ్బుతో రుద్ది రుద్ది కడిగినా తడి పోయేది కాదు. క్లాసులో పాఠం నడుస్తుంటే ఆ బొంగురు అరుపు వినిపించి ఉలిక్కిపడేది. చదువుకోవాలని సాకు చెప్పి క్లబ్బు మానేసింది, మళ్లీ చేరింది చాలా రోజుల తర్వాతే.

మళ్లీ మామిడి కాలం వచ్చింది. ఒక ఆదివారం పొద్దున ఊళ్లోని రైతు గంగాధరం ఇంటి ముందు జనం మూగారు. ఆవు మెడ చాపి దగ్గుతోంది, చొంగ కారుస్తోంది. గంగాధరం చొక్కా చెయ్యి మడుస్తున్నాడు. ఆ దారిన పోతున్న మునీశ్వరి జనాన్ని తోసుకుంటూ పోయి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“పెట్టొద్దు మామా. ఈరప్ప మామ ఇట్లే పెట్టినాడు.”

“ఆయప్పను కుక్క కరిసె గదా పాపా. దానికీ ఆవుకూ ఏంది?”

జనంలో బయ్యమ్మ ఉంది. మునీశ్వరి ఆమెను చూసింది. చూసిన తర్వాతే చెప్పింది.

“కుక్క కరవలేదు మామా. ముక్కుతాడు పట్టుకోనుండింది నేనే. ఆయన సేతి ఏళ్లకు గాయాలుండె, ఆవు సొంగ వాటికే అంటుకునె. నేను సూసినా, ఎవురికీ సెప్పలేదు.”

గంగాధరం చెయ్యి కిందికి దిగింది. పశువుల డాక్టరుకు ఫోను చేశారు. ఆయన పుంగనూరు నుంచి వచ్చేసరికి రెండు గంటలు దాటింది. అప్పటికే పొట్ట ఉబ్బి ఆవు కాళ్లు చాపేసింది. డాక్టరు చేతికి తొడుగు వేసుకుని గొంతులో వెతికి, ఇంత లావు మామిడి టెంకె బయటికి తీశాడు. గంగాధరం భార్య జయమ్మ నెత్తి కొట్టుకుంది. పాలిచ్చే ఆవును ఈ పిల్ల పొట్టన పెట్టుకుందని శాపనార్థాలు పెట్టింది. తొడుగు లేకుండా చెయ్యి పెట్టకపోవడమే మంచిదైందని డాక్టరు అన్నా ఎవరూ చెవిన వేసుకోలేదు. మునీశ్వరికి ఆ తిట్లు ఒక లెక్క కాదు. బయ్యమ్మ ఏమంటుందోనని అక్కడే నిలబడింది.

జనం పలచబడ్డాక బయ్యమ్మ దగ్గరికొచ్చింది.

“అయితే మీ మామ నాకేం దాసలేదు.”

“లేదత్తా.”

“సమచ్చరం పొడుగునా ఆయప్పను తిట్నాను. గోడ పక్కనుండి నువ్వు అన్నీ ఇంటానే ఉండావు.”

“ఇంటానే ఉండాను అత్తా.”

బయ్యమ్మ తిట్టలేదు. చెయ్యి ఎత్తలేదు. ఇంటికిపోయి తలుపేసుకుంది. ఒక దెబ్బ కొట్టినా బాగుండేదని మునీశ్వరికి అనిపించింది. ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. పొయ్యి ముట్టించిన చప్పుడైంది గానీ రోజూ వినే తిట్లు లేవు. చాలాసేపటికి బయ్యమ్మ గొంతు వినిపించింది, ఎదురుగా ఈరప్ప కూర్చుని ఉన్నట్టు, మెల్లగా.

“తప్పయిపాయప్పా. తెలీక తిట్నాను. ఏమనుకోవద్దు.”